పది రోజుల్లో చెప్పమన్నారు

మెయిల్ వచ్చేసరికి నేను ల్యాబ్‌లో ఉన్నాను. చేతిలో పట్టకారు, దాని కొసన 50 గ్రాముల స్టాండర్డ్ వెయిట్. తూకం మిషన్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూసి సర్టిఫికెట్ ఇవ్వడం నా పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని. టేబుల్ మీద ఫోన్ గుర్రుమంది. వెయిట్‌ని పెట్టెలో పెట్టి, మూత వేసి, అప్పుడు చూశాను. వేరే ఊళ్లో ఇంతకంటే పెద్ద ల్యాబ్. దానికి హెడ్‌గా రమ్మంటున్నారు. రెండు నెలల కింద వీడియోలో ఇంటర్వ్యూ చేశారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నేను దాన్ని మర్చిపోయాననే అనుకున్నాను. మర్చిపోలేదని చేతులు చెప్పాయి. ఆ తర్వాత గంటసేపు ఒక్క రీడింగు కూడా తీయలేదు. ఆ చేతులతో తీసి ఉంటే అన్నీ కొట్టేసి మళ్లీ తీయాల్సి వచ్చేది.

పది రోజుల్లో చెప్పమన్నారు. ఆ ఊరు మా ఇంటికి 1,400 కిలోమీటర్లు.

ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మావాడు. నాన్న మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక్కడే ఉంటాడు. నాన్నకు 76. అమ్మ పోయి ఆరేళ్లయింది. తమ్ముడు దేశం దాటి పదకొండేళ్లయింది. వాడు వెళ్లిన రోజే, ఎవరూ నోటితో చెప్పకపోయినా, నాన్న దగ్గర ఉండేదాన్ని నేనే అని ఖాయమైపోయింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఏ ఇంట్లో అయినా ఇంతేననుకుంటాను. ముందు వెళ్లినవాడికి వెళ్లడం ఒక్కటే నిర్ణయం. తర్వాత వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం మొదటివాడి నిర్ణయం కూడా నెత్తిన పడుతుంది. తమ్ముడి మీద నాకు కోపం లేదు. ఉంది, కానీ ఆ సంగతి ఇక్కడ కాదు.

మొదటి రెండు రోజులు కనబడ్డవాళ్లనల్లా అడిగాను. అది నేను చేసిన పొరపాటు. ఉద్యోగం కోసం ఊరు విడిచినవాళ్లంతా "వెళ్లిపో, మళ్లీ రాదు" అన్నారు. ఉండిపోయినవాళ్లంతా "ఈ వయసులో ఆయన్ని వదిలిపెట్టా?" అన్నారు. ఎవరిని అడిగినా తాము చేసిన పనికి నా చేత సంతకం పెట్టించుకోవాలనే చూశారు. మా ఆఫీసులో ఒకావిడ మాత్రం, "నీకు ఏ సమాధానం వస్తే బాగుండునని ఉందో ఆ మనిషినే అడుగుతున్నావు, గమనించావా?" అంది. గమనించలేదు. లెక్కేసి చూస్తే, నేను అడిగిన ఏడుగురిలో ఐదుగురు ఊరు విడిచినవాళ్లే.

మూడో రోజు రాత్రి ఒంటిగంటకు నిద్ర పట్టక ఫోన్ తీసి "పెద్ద నిర్ణయం ఎలా తీసుకోవాలి" అని వెతికాను. నలభై రెండేళ్లొచ్చాయి, అయినా ఏం వెతుకుతున్నానో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. వచ్చినవాటిలో పనికొచ్చింది ఒక్కటే, అదీ 1772 నాటిది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అని ఒక మతబోధకుడు ఉండేవాడు. రసాయన ప్రయోగాలు కూడా చేసేవాడు. పెళ్లాం, పిల్లలు, చేసుకుంటున్న పని, అన్నీ అక్కడే. లార్డ్ షెల్బర్న్ అనే పెద్దమనిషి తన దగ్గరికి వచ్చి పనిచేయమని పిలిచాడు. జీతం ఎక్కువ, ప్రయోగాలకు తీరిక కూడా ఎక్కువ. కానీ సంసారం మొత్తం ఎత్తుకుని ఇంగ్లండ్ ఉత్తరాన్నించి దక్షిణానికి పోవాలి. ఎటూ తేల్చుకోలేక స్నేహితుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని సలహా అడిగాడు.

సెప్టెంబరులో ఫ్రాంక్లిన్ జవాబు రాశాడు. నీ విషయాలు నాకు పూర్తిగా తెలియవు, కాబట్టి ఏం చేయాలో చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెబుతాను అన్నాడు. ఆయన చెప్పింది ఇదీ. కాగితం మధ్యలో ఒక గీత గియ్యి. ఒకవైపు ఎందుకు చేయాలో, రెండోవైపు ఎందుకు వద్దో రాయి. ఒక్కసారే కూర్చుని రాసెయ్యకు, మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాస్తూ పో. తర్వాత ఒక్కోదాని బరువు అంచనా వెయ్యి. అటొకటి ఇటొకటి సమానంగా తూగితే రెండూ కొట్టెయ్యి. ఇటువైపు ఒకటి అటువైపు రెండింటితో సమానమైతే మూడూ కొట్టెయ్యి. చివరికి ఎటు మిగిలితే అటు.

తూకాలతో బతికేదాన్ని, నాకు నచ్చకుండా ఎలా ఉంటుంది? లేచి మావాడి లెక్కల నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపుకున్నాను.

ప్రీస్ట్‌లీ వెళ్లాడు, 1773లో. ఆ మరుసటి సంవత్సరం ఆగస్టులో, ఆ కొత్త కొలువులోనే, ఎర్రటి పాదరస భస్మం మీదికి భూతద్దంతో ఎండను మళ్లించి వేడిచేసి ఆక్సిజన్‌ను రాబట్టాడు. పరీక్షలో ఆ ప్రయోగం రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను నేను. అది ఉద్యోగం మారిన మనిషి చేసిన పని అని మాత్రం అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

నా లిస్టు విషయానికొస్తే, వెళ్లడానికి రాసినవి: పని. అక్కడున్న మాస్ కంపారేటర్, అంటే రెండు బరువుల మధ్య అతి చిన్న తేడాను కూడా పట్టే మిషన్, అది మా ల్యాబ్‌కి ఎప్పటికీ రాదు. జీతం. ఇక్కడ నాకు పైన ఖాళీ లేదు. నా పైనున్న ఆయన నాకంటే రెండేళ్లే పెద్ద, పైగా ఆరోగ్యం బాగా చూసుకుంటారు. చివరగా ఇంకోటి రాశాను, రాయడానికి సిగ్గేసింది: "ఒక్కసారైనా." అంతే రాశాను. దానికి వివరణ లేదు. వద్దు అనడానికి రాసినవి: మావాడి స్కూలు. మా ఆయన పని. నాన్న మోకాలు. నాన్న మందులు. నాన్న చెవి, అంటే ఫోన్‌లో సరిగా వినపడదు. నాన్న ఒంటరితనం.

తర్వాత బరువులు వేద్దామని కూర్చుంటే చెయ్యి ఆగిపోయింది. దీనికి కారణం నా వృత్తిలోనే ఉంది, కొంచెం చెప్పనివ్వండి. ఎలక్ట్రానిక్ తూకం మిషన్ నిజానికి చూసేది వస్తువులో ఎంత పదార్థం ఉందో కాదు, భూమి దాన్ని ఎంత గట్టిగా లాగుతోందో. ఆ లాగడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర కాస్త తక్కువ, ధ్రువాల దగ్గర కాస్త ఎక్కువ. తేడా సుమారు అర శాతం. భూమధ్యరేఖ దగ్గర సరిచేసిన మిషన్‌ని అలాగే ధ్రువం దగ్గరికి తీసుకెళ్తే కిలో మీద ఐదు గ్రాముల దాకా ఎక్కువ చూపిస్తుంది. అంత దూరం పోనక్కర్లేదు, మంచి మిషన్ అయితే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చినా చాలు, అక్కడ స్టాండర్డ్ వెయిట్ పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేసేదాకా అది చూపించే అంకెను మేం నమ్మం. మరి నేను ఇక్కడ, ఈ వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని, జీతానికి ఇంత, నాన్న ఫోన్‌కి ఇంత అని వేసే మార్కులు అక్కడ ఎలా చెల్లుతాయి? మూడో నెలకల్లా జీతం మామూలైపోతుంది. ఇక్కడ పట్టించుకోని ఫోన్ చప్పుడు అక్కడ ఎంత బరువు తూగుతుందో ఎవరికి తెలుసు?

పొద్దున్నే ఇదంతా మా ఆయనకు చెబితే, "పోలిక బాగుంది. నిర్ణయం ఏదీ?" అన్నారు.

ఐదో రోజు చేసిన పని మాత్రం ఎవరికైనా చెప్తాను, చేసి చూడమని. రాత్రి 11:20కి నేను ఆ కొత్త ఊళ్లో ఉండగా "నాన్న పడిపోయాడు" అని ఫోన్ వచ్చినట్టు అనుకున్నాను. అనుకుని, ఎన్నింటికి నాన్న గుమ్మంలో ఉంటానో లెక్క కట్టాను. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి "రెండు గంటల ఫ్లైటే కదండీ" అని ఎంతో తేలిగ్గా అంది. ఆఖరి విమానం రాత్రి తొమ్మిదికే వెళ్లిపోతుంది. మర్నాడు మొదటిది 6:10కి. సీటు దొరికిందనే అనుకుందాం. 8:15కి దిగితే, బయటపడటానికి ఇరవై ఐదు నిమిషాలు, అక్కణ్నించి ఇంటికి గంట. 9:40. అంటే ఫోన్ వచ్చిన పది గంటల ఇరవై నిమిషాలకు. ఇప్పుడైతే, చెప్పులు వెతుక్కునే టైమ్‌తో కలిపి, పదకొండు నిమిషాలు.

రెండు గంటలు విమానానికి. నాకు మాత్రం పది గంటలు.

ఆ అంకె చూసి అక్కడితో వద్దనేద్దామనుకున్నాను. కానీ కాగితం మీద ఆ పది గంటల్ని గంటకో గడి చొప్పున గీసి, మొదటి గడిలో ఎవరు వస్తారు అని రాసుకుంటే ఇంకో సంగతి బయటపడింది. నాన్న తలుపు లోపల గడియ వేసుకుని పడుకుంటాడు. బయటి నుంచి ఎవరూ తీయలేరు. తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఏ మందులు ఎన్ని వాడుతున్నాడో నా తలలో ఉంది తప్ప ఎక్కడా రాసి లేదు. డాక్టరు నంబరు నా ఫోన్‌లోనే ఉంది. కింద ఇంట్లో ఉండే వాళ్ల పేరు తెలుసు, నంబరు తెలియదు. ఆరేళ్లుగా నేను నెలలో నాలుగైదు రోజులు పని మీద వేరే ఊళ్లకు పోతూనే ఉన్నాను. ఆ రాత్రుళ్లు ఏమైనా జరిగి ఉంటే? పది నిమిషాల దూరంలో ఉన్నానన్న ధైర్యంతో చేయాల్సిన ఏర్పాటు ఒక్కటీ చేయలేదు. దగ్గర ఉండటమే చూసుకోవడం అనుకున్నాను.

ఆ వారంలోనే లోపలి గడియ తీయించి బయటి నుంచి కూడా తెరవగలిగే తాళం వేయించాను. రెండో తాళంచెవి కింద ఇంటి వాళ్లకు ఇచ్చాను. మందుల చీటీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించారు. వెళ్లినా వెళ్లకపోయినా చేయాల్సిన పనులే ఇవి. ఆఫర్ రాకపోతే ఎప్పటికి చేసేదాన్నో.

ఇంకో లెక్క కూడా వేశాను, అది నాకు మింగుడు పడలేదు. ఇప్పుడు వారానికి నాలుగు సార్లు నాన్న దగ్గరికి వెళ్తాను, వెళ్లినప్పుడల్లా నలభై నిమిషాలు. సంవత్సరానికి సుమారు 139 గంటలు. అక్కడికి వెళ్లి, ఆరు వారాలకోసారి వచ్చి, రెండు రోజులు నాన్న ఇంట్లోనే ఉంటే? ఏడాదికి ఎనిమిది సార్లు, మెలకువగా ఉండే పధ్నాలుగు గంటల చొప్పున 224. దూరం వెళ్తేనే ఎక్కువసేపు చూస్తానట! పైగా ఇప్పటి నలభై నిమిషాల్లో సగం ఫోన్ చూసుకుంటూ, "ఇంకేంటి నాన్నా" అంటూ లేచే సమయమే. లెక్క తప్పు కాదు. కానీ బల్బు పోవడం, జ్వరం రావడం, ఊరికే పలకరించాలనిపించడం, ఇవేవీ ఆరో వారం వచ్చేదాకా ఆగవు. గంటలు కూడవచ్చు, ఆ గంటలు ఎప్పుడు కావాలో మనం ఎంచుకోలేం.

మా ఆయన సంగతికొస్తే, మెయిల్ చూపించిన మొదటి రాత్రే "నీ ఇష్టం, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. అంత త్వరగా చెప్పడమే నాకు అనుమానం. ఆయన చిన్న చిన్న కంపెనీలకు లెక్కలు రాస్తారు. అందరూ ఇరవై ఏళ్లుగా ఎరిగినవాళ్లే, సగం పని మాట మీదే నడుస్తుంది. జాకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్త 1978లో ఈ సంగతే రాశాడు. కుటుంబం మొత్తానికి కలిపి లెక్క చూసుకుని ఊరు మారితే, ఒంటరిగా అయితే కదిలి ఉండని మనిషి కూడా ముడిపడి వెళ్లాల్సి వస్తుంది. కుటుంబం కదలకపోతే, ఒంటరిగా అయితే ఎప్పుడో వెళ్లిపోయి ఉండే మనిషి ముడిపడి ఉండిపోవాల్సి వస్తుంది. ఎటు చూసినా ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒక ముడిలో ఉంటారు. అందుకని ఇంకోలా అడిగాను. "నేనూ, వాడూ లేమనుకోండి. మీకొక్కరికే ఈ ఆఫర్ వస్తే వెళ్తారా?"

చాలాసేపు ఆలోచించారు. "వెళ్లను" అన్నారు.

ఆ ఒక్క మాటతో మా మాటల తీరే మారిపోయింది. అప్పటిదాకా ఆయన ఒప్పుకుంటున్నారు, నేను నమ్ముతున్నట్టు నటిస్తున్నాను. ఆ తర్వాత ఇద్దరం బేరం మొదలెట్టాం. స్కూలు సంవత్సరం ముగిసేదాకా వాళ్లిద్దరూ ఇక్కడే ఉండాలి. నేను ముందు ఒక్కదాన్నే వెళ్లాలి. ఏడు నెలలు. ఆ తర్వాత ముగ్గురం కూర్చుని మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాలి. మావాడిని అడిగితే, "నీ టేబుల్ నేను వాడుకోవచ్చా?" అన్నాడు. నాకు చివుక్కుమంది. రెండు రోజుల తర్వాత వాడే ఫోన్‌లో క్యాలెండర్ తయారుచేసి అందరికీ పంపాడు. నేను ఇంటికి వచ్చే రోజులన్నీ పచ్చ రంగులో ఉన్నాయి. టేబుల్ గురించి మళ్లీ అడగలేదు. అప్పటికే పుస్తకాలు సర్దేసుకున్నాడు.

నాన్నకు చెప్పడం ఆరో రోజుదాకా వాయిదా వేశాను. ఎందుకంటే, నాన్న విషయంలో నాకు ఒక పాత పేచీ ఉంది.

మా నాన్న లెక్కల మాస్టారు. నా చిన్నప్పుడు రెండుసార్లు హెడ్‌మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది, రెండుసార్లూ దూరం వెళ్లాలని వదులుకున్నాడు. "మీకోసమే." ఈ మాట నేనూ తమ్ముడూ ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మార్కులు తగ్గితే వినేవాళ్లం. ఎదురు మాట్లాడితే వినేవాళ్లం. తమ్ముడు దేశం దాటుతుంటే గుమ్మంలో కూడా విన్నాం. ఒకసారి అమ్మ వంట చేస్తూ, వెనక్కి తిరక్కుండానే, "మీకోసమేం కాదు, ఆఫీసు ఫైళ్లంటే మీ నాన్నకు భయం" అంది. ఏది నిజమో ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు. నాకు తెలిసింది ఒకటే. ఆయన ఉండిపోయాడు, ఉండిపోయినందుకు బిల్లు ముప్పై ఏళ్లపాటు వాయిదాల మీద మా చేత కట్టించాడు.

లిస్టులో రాయని ప్రశ్న అదే. నేను ఉండిపోతే ఆ బిల్లు ఎవరికి పంపుతాను? నాన్నకైతే పంపలేను. మావాడికే పంపుతాను. వాడి మార్కులప్పుడో, వాడు ఎటైనా వెళ్తానన్నప్పుడో, "నీకోసం, తాతయ్యకోసం నేనేం వదులుకున్నానో తెలుసా?" అని. ఆ వాక్యం అప్పుడే నా నోట్లో తయారై ఉంది. అది ఎంత సులువుగా వచ్చేసిందో చూసుకుని భయమేసింది. బిల్లు వేయకుండా ఉండిపోగలిగేవాళ్లు ఉంటారు, మా ఆఫీసులోనే ఇద్దరున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. నేను ఆ రకం కాదు. నాన్న కూతుర్ని.

ఆరో రోజు సాయంత్రం నాన్న మందుల డబ్బా సర్దుతూ చెప్పాను. ఏడు గడుల డబ్బా, పొద్దునకో అర, రాత్రికో అర. గురువారం గడి దగ్గరికి వచ్చాక చెప్పాను.

"ఎన్ని కిలోమీటర్లు?" అన్నాడు.

"పధ్నాలుగొందలు."

"మీ తమ్ముడి కంటే నయమే."

తర్వాత, "కాగితం మీద ఏమైనా రాసుకున్నావా?" అన్నాడు. నా సంగతి తెలుసు. బ్యాగులోంచి తీసిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "ఒక్కసారైనా" దగ్గర కాసేపు ఆగాడు, ఏమీ అనలేదు. కుడివైపుకి వచ్చి, నా చేతిలోంచి పెన్ను తీసుకుని, నాన్న మోకాలు, నాన్న మందులు, నాన్న చెవి, నాన్న ఒంటరితనం అన్న నాలుగు లైన్లనూ కొట్టేశాడు. పక్కన రాశాడు: నాన్న (మోకాలు + మందులు + చెవి + ఒంటరితనం).

"కామన్ తీయడం నేర్పలేదా నీకు? ఒక్కదాన్నే నాలుగుసార్లు లెక్కేస్తే సమాధానం సరిగ్గా ఎలా వస్తుంది?"

"అయితే వెళ్లమంటావా నాన్నా?"

"నన్నడక్కు. వెళ్లమంటే మనసులో లేని మాట చెప్పినట్టు. వద్దంటే ఉన్న మాట చెప్పినట్టు."

ఆ రాత్రి నాకు నాన్న మీద చాలా కోపం వచ్చింది. వెళ్లు తల్లీ అంటాడని ఆశ. అంటే ఈ నిర్ణయంలో సగం బరువు తనే మోస్తాడు. రేపు ఏదైనా జరిగితే "నువ్వేగా వెళ్లమన్నావు" అనుకోవచ్చు. ఆ సౌకర్యం నాకు ఇవ్వలేదు. మొత్తం బరువు నా చేతిలోనే పెట్టాడు, పట్టకారు కూడా ఇవ్వకుండా.

ఫ్రాంక్లిన్ గురించి ఇంకో సంగతి ఆ తర్వాత చదివాను. ప్రీస్ట్‌లీకి ఆ ఉత్తరం రాసేనాటికి ఆయన ఉన్నది లండన్‌లో. పెళ్లాం డెబోరా సముద్రానికి అవతల, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉంది. ఓడెక్కాలంటే ఆవిడకు భయం. ఆయన 1764లో పని మీద బయల్దేరి వచ్చాడు. మధ్యలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. 1774 డిసెంబరులో ఆవిడ చనిపోయింది, అప్పటికీ ఆయన లండన్‌లోనే ఉన్నాడు. పదేళ్లలో ఒక్కసారీ ఒకరినొకరు చూసుకోలేదు. ప్రీస్ట్‌లీ ఆక్సిజన్ తీసిన సంవత్సరమే అది.

ఆయన ఏదో ఒకరోజు కూర్చుని "పదేళ్లు రాను" అని నిర్ణయించుకుని ఉంటాడని నేను అనుకోను. పని ముగియలేదు, ఇంకో చలికాలం చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం, అలాగే గడిచిపోయి ఉంటుంది. నా భయానికి అసలు రూపం అప్పుడు దొరికింది. వెళ్లడం గురించి పది రోజులు తల బద్దలు కొట్టుకుంటున్నాను. తిరిగి రావడం గురించి మాత్రం ఎవరూ పది రోజుల గడువు పెట్టరు. అది నేనే పెట్టుకోవాలి. మేమిచ్చే ఏ సర్టిఫికెట్ మీదైనా మళ్లీ ఎప్పుడు సరిచూడాలో తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే మిషన్ బాగానే ఉన్నా ఆ కాగితం చెల్లదు.

పదో రోజు నేను చెప్పింది అవునూ కాదు, కాదూ కాదు. ఇంకో వారం అడిగాను. ఇవ్వరేమో అని టెన్షన్ పడ్డాను, ఒక్క లైన్ జవాబుతో ఇచ్చేశారు. ఆ వారంలో రెండు విషయాలు అడిగాను. రిపోర్టులు రాసే పని నెలకు నాలుగు రోజులు ఇంటి నుంచి చేసుకోనిమ్మని ఒకటి. సామాను తరలింపుకి వాళ్లిచ్చే డబ్బు ఏడాదిలోపు మానేస్తే మొత్తం తిరిగి కట్టాలని ఆఫర్ లెటర్‌లో ఉంది, పనిచేసిన నెలల కొద్దీ అది తగ్గుతూ పోయేలా మార్చమని ఇంకోటి. మొదటిదానికి ఒప్పుకున్నారు, రెండోది కుదరదన్నారు. మొదటిది కాగితం మీద రాసివ్వమన్నాను, రాసిచ్చారు. రెండోదానికి నేను చేసిందల్లా ఆ డబ్బు తీసుకోకపోవడం. ఒక్క మనిషికి, రెండు సూట్‌కేసులకు తరలింపు ఖర్చు ఎంతని? ఆ డబ్బు తీసుకుంటే మాత్రం, నాన్నకు బాగోలేక మధ్యలో వచ్చేయాల్సి వస్తే, ఆలోచించడానికి ఇంకో కారణం తగులుకునేది.

ఇక్కడి ఆఫీసులో, తిరిగి వస్తే తీసుకుంటామని మాటిచ్చారు. మాటకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఒప్పుకుంటూ మెయిల్ రాసి, పంపే ముందు మొదటి ఆరు నెలలకు ఇంటికి వచ్చిపోయే టికెట్లు కొనేశాను. ఆ తర్వాతే సెండ్ నొక్కాను. అలా ఎందుకు చేశానని తమ్ముడు అడిగాడు. "నువ్వు చేయలేదు కాబట్టి" అన్నాను. కాసేపు ఫోన్‌లో ఏమీ వినపడలేదు. తర్వాత, "అక్కా, ఆదివారాలు నాన్నకి నేను ఫోన్ చేస్తాను, నువ్వు చెయ్యకు" అన్నాడు. ఇప్పటికి ఐదు ఆదివారాల్లో నాలుగు చేశాడు.

నేను వచ్చి ఐదు వారాలైంది. మంచి నిర్ణయమో కాదో ఇంకా తెలియదు. పని బాగుంది. సాయంత్రాలు బాలేవు. ఏడు దాటాక ఈ ఇంట్లో చప్పుడు చేసేది నేనొక్కదాన్నే. మొదటి వారం మావాడు రోజూ మాట్లాడాడు, ఇప్పుడు మెసేజీలు పెడుతున్నాడు. మా ఆయన రాత్రి ఫోన్ చేసి అక్కడి సంగతులన్నీ పూస గుచ్చినట్టు చెబుతారు. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఇంత మాట్లాడిన మనిషి కాదు.

నాన్నకు వీడియో కాల్ చేయడం నేర్పాం. కానీ ఫోన్ మోగితే ఆయనకున్న అలవాటు దాన్ని చెవికి పెట్టుకోవడం. వీడియో అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. అందుకని నా ఫోన్ నిండా ఆయన చెవే కనిపిస్తుంది. దాని వెనక తెల్ల వెంట్రుకలు, ఓ మూల తిరుగుతున్న ఫ్యాను. చెవి తమ్మె మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. పది నిమిషాల దూరంలో ఉన్నన్నాళ్లూ నేను దాన్ని చూడనేలేదు.

నిన్న చెవిలో వినికిడి మిషన్ లేదు. పెట్టుకోమని చెప్పాను. వినపడలేదు.